వచ్చిందనీ చెప్పను, రాలేదనీ చెప్పను

2022లో నేను నాగర్‌కర్నూల్‌లో ఒక సర్కారు దవాఖానలో ఆయమ్మను. మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఓపీ గది తలుపు దగ్గర నా డ్యూటీ. ఓపీ అంటే చూపించుకుని అదే రోజు ఇంటికి పోయేవాళ్లను చూసేది. మిగతా గదుల ముందు పేరు, ఊరు కలిపి గట్టిగా పిలుస్తారు. నేను మాత్రం టోకెన్ నంబరే పిలిచేదాన్ని. నలభై దాటాక అక్షరాలు నేర్చిన నాకు పేర్లు చదవడం ఇష్టమే. కానీ ఆ గది ముందు ఎవరి పేరు వినబడినా సాయంత్రానికి ఊరు వాళ్లకు పిచ్చంటుంది.

ఒకరోజు బడిలో మధ్యాహ్న భోజనం వండే ఒకామె లోపల ఉంది. నిద్ర పట్టక, గుండెదడతో మందులు వాడుతోంది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నా. పేరూ ఊరూ అడగొద్దు. అంతలో ఆమె ఊరివాళ్లు ఇద్దరు వచ్చారు. ఆ వంటపని మీద వాళ్లకు కన్నుందని తర్వాత ఆమే చెప్పింది.

"ఆయమ్మా, మా ఊరి వంటామె గీ గదికి వస్తదంట గద?" అన్నాడు పెద్దాయన.

"చెప్ప."

"పిల్లలు తినే బువ్వమ్మా. పిచ్చిలేసి ఏమన్న కలిపితే?"

"గంత భయముంటే బడికి పోయి రుచి చూడుండ్రి. ఈడికేమొచ్చిండ్రు?"

"సరే, రాలేదని చెప్పు. పోతం."

"అది గూడ చెప్ప."

"అంటే వచ్చినట్టే!" రెండోవాడు నవ్వాడు.

"మీ అయ్య గురించి అడిగినా నాది గిదే మాట."

వాళ్లు కదల్లేదు. ఎవరు బయటికొస్తారో చూద్దామని తలుపు ఎదురుగా ఉన్న మా బెంచీ మీదే బైఠాయించారు. లోపల ఆమె గొంతులు గుర్తుపట్టి, బయటికి రాకుండా తలుపు వెనకే ఆగిపోయింది. వరండా నిండా జనం.

నేను నడుం మీద చేతులు పెట్టుకున్నా. "కూసోండ్రి, మంచిగ కూసోండ్రి. గీ బెంచీ మీద కూసునేది డాక్టరమ్మకు చూపించుకునేటోళ్లే. మీ ఊరోళ్లు గూడ గీ దారినే పోతరు. రేపు వచ్చి మీ గురించి అడుగుతరు. మీరు రోగులు గారని గూడ నేను చెప్ప."

పెద్దాయన ముఖానికి తువ్వాల చుట్టుకుని లేచాడు. రెండోవాడు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఆమె బయటికొచ్చి నా మీదే కోపం చేసింది. "రాలేదంటే అయిపోతుండె గద పెద్దమ్మా! నా పని పోతే?"

"రాలేదని నీ ఒక్కదాని గురించి చెప్తే, రేపు ఎవరి గురించి చెప్పనో వాళ్లంత వచ్చినట్టే గద బిడ్డా!"

పని పోలేదు. ఆ ఇద్దరూ ఊళ్లో నోరెత్తలేదు. ఎత్తితే ఆ గది ముందు తామెందుకు కూర్చున్నారో చెప్పాలి మరి.

రోగి విషయం బయటపెట్టొద్దని చట్టమే ఉందని డాక్టరమ్మ అనేది. ఆ చట్టానికి తలుపు దగ్గర ఒక మొండిమనిషి కూడా కావాలని నాకా రోజు తెలిసింది. రిటైరయ్యాక కూడా దారిలో ఆపి అడిగేవాళ్లున్నారు. అడగనీ. చెప్పను.