పడవను పట్టుకున్న అంచుల తాడు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వులాట. సూరత్‌లోని ఉధ్నాలో నేను పనిచేసిన బట్టల కార్ఖానాలో ఒక మగ్గం దానంతటదే నడుస్తోందని పనివాళ్లు హడలిపోతే, స్విచ్చు బోర్డు విప్పి కాలిన వైరు చూపించి, అందరినీ తెగ ఆటపట్టించినవాణ్ణి. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మా నాయిన పోయాడు. కుర్రతనంలో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, బతుకంతా మగ్గాల మోతలోనే గడిపిన మనిషి. ఆసుపత్రిలో దగ్గరికి రానివ్వలేదు. సంచిలో చుట్టిన మనిషికి దూరం నుంచే దండం పెట్టి వచ్చాం. ఆఖరిసారి చెయ్యి పట్టుకునే అదృష్టం కూడా లేకపోయింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఆయన మిగిల్చింది ఒక పాత పికప్ బండి. అందులో బట్ట తానులు మార్కెట్‌కు చేరవేసేవాళ్లం. మగ్గాలు సగం మూతపడేసరికి బండి ఇంటి ముందే నిలబడిపోయింది. వానలు తగ్గాక డుమస్ సముద్రతీరం నుంచి ఒక గుజరాతీ కాకా వచ్చాడు. చేపలు పట్టే మనిషి. ఆయన పాత పడవ తుపానుకు ముక్కలైంది. కొత్త ఫైబర్ పడవ మేముండే ఉన్ బస్తీలోనే, మా గల్లీ చివరి షెడ్డులో తయారైంది. దాన్ని సముద్రం దాకా లాక్కుపోవాలి. ఆ ఇంటికి ఆ పడవే తిండి.

పడవ! పుట్టి బుద్ధెరిగాక నేను పడవ ముట్టుకున్నవాణ్ణి కాదు. వెనకా ముందూ చూడకుండా ఒప్పేసుకున్నాను.

మా అక్క మొగుడు రాజేశం బావా, నేనూ రంగంలోకి దిగాం. పక్కనున్న భేస్తాన్‌లో వెల్డింగ్ చేయించి బండి వెనక ఇనుప పట్టీ, దానిమీద ఒక ఇనుప గుండు బిగించాం. పడవను మోసే కాకా ట్రాలీ ముక్కున కప్పులాంటిది ఉంటుంది. గుండు మీద ఆ కప్పు బోర్లించి లీవరు నొక్కితే, ట్రాలీ బండిని పట్టుకుంటుంది. కప్పు ఊడినా ట్రాలీ విడిపోకుండా ఒక గొలుసు కూడా తగిలించాలి. వెల్డింగ్ ఆయన ఆ గొలుసును సంచిలో వేసి, మరీ మరీ చెప్పి పంపాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే గల్లీ గల్లీ అంతా దిగింది. మాస్కులన్నీ గడ్డాల కిందే.

"ఏంది శీను, రైళ్లు దొరుకుతలేవని పడవల పోతున్నవా సిరిసిల్లకు?"

"జర నన్ను గూడ ఎక్కించుకోరాదు!"

నా ఛాతీ ఉప్పొంగిపోతోంది. అమ్మ ట్రాలీ ముక్కుకు కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. బావ ఆ బొట్టుకు దగ్గరగా ఫోటో తీశాడు. ఈ ఫోటో సంగతి గుర్తుంచుకోండి.

సరుకు ఎక్కించడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరని మా ఇద్దరికీ పొగరు. తానుల బండిలో బరువంతా వెనక తలుపు దగ్గరే పేరుస్తాం, మార్కెట్లో టకటకా దించేయొచ్చని. అదే అలవాటుతో పడవ ఇంజనూ, వలలూ, లంగరూ అన్నీ వెనకే పెట్టాం. ట్రాలీకి వెనక బరువెక్కువైతే ముక్కు పైకి లేస్తుందని మాకెవరు చెప్పారు?

ట్రాలీకి లైట్లు లేవు. అందుకని బావ ఎర్రగుడ్డ పట్టుకుని బైకు మీద పడవ వెనకే వస్తానన్నాడు. "నువ్వు నాదిక్కు సూడకు బామ్మర్ది, ముందట సూసుకొని నడుపు."

రోడ్డంతా మావైపే చూస్తోంది. ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నారు, పిల్లలు బాల్కనీల్లోంచి చేతులు ఊపుతున్నారు. నేను గొంతెత్తి పాడుతున్నాను. నాయిన పోయాక నేను పాడటం అదే మొదటిసారి.

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక ధన్‌మని చప్పుడైంది. అద్దంలో చూస్తే పడవ మూతి ఆకాశంలోకి లేచి ఉంది. గుండు మీంచి కప్పు ఊడిపోయింది. పడవ వాలులో వెనక్కి జారుతోంది. దాని వెనకే మా బావ! అక్క మొహం కళ్లముందు కదిలింది.

అంతలో బండి ఒక్కసారి కుదిపి ఆగింది, వెనక నుంచి ఎవరో లాగి పట్టుకున్నట్టు. పడవ కూడా ఆగింది.

హ్యాండ్ బ్రేక్ లాగి పరుగెత్తాను. బైకు పడిపోయి ఉంది. బావ ఎర్రగుడ్డతో సహా రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

"బతికిన బామ్మర్ది! గొలుసు ఆపింది!"

ఇద్దరం వాటేసుకుని ఏడ్చాం, నవ్వాం. ట్రాలీ చక్రాలకు రాళ్లు పెట్టాక నేను వంగి చూశాను. అక్కడ గొలుసు లేదు. కొబ్బరికాయ సంబరంలో దాన్ని తగిలించడమే మర్చిపోయాం. సంచీ సీటు కింద అలాగే ఉంది.

ట్రాలీని పట్టుకున్నది ఒక తాడు. చీరల అంచులు కత్తిరించగా మిగిలిన పేలికలతో నాయిన పేనిన తాడు. ఎప్పుడూ బండిలో పట్టా కింద పడి ఉండేది.

"నువ్వు కట్టలేదా?" అన్నాడు బావ.

"నేననుకున్నా నువ్వేమోనని."

"నా బిడ్డ మీద ఒట్టు, నేను ముట్టలే."

ముడి చూశాను. మగ్గంలో ఎడమ బొటనవేలి కొస పోయినప్పటి నుంచి నాయిన ముడి అందరి ముడికీ ఎదురుగా తిరిగేది. మిగిలిన కొసను వెనక్కి మడిచి లోపలికి దోపేవాడు. విప్పలేక మార్కెట్ హమాలీలు ఆయన్ని తిట్టిపోసేవాళ్లు. ఇది అదే ముడి.

బావ ఫోన్లో పొద్దుటి ఫోటో తెరిచి చూశాం. బొట్టుంది, కప్పుంది, గుండుంది. తాడు లేదు. ఆ ఫోటో తీసినప్పటి నుంచి బండి కదిలేదాకా మేమిద్దరం ట్రాలీ దగ్గరే ఉన్నాం. గల్లీలో ఎవరైనా కట్టారేమోనని తర్వాత ఇంటింటికీ తిరిగి అడిగాను. అందరూ నన్ను వింతగా చూశారు.

బరువు ముందుకు జరిపి, కప్పు మళ్లీ బిగించి, గొలుసు తగిలించి డుమస్ చేరాం. పడవ నీళ్లలో తేలగానే కాకా మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడు. ఆ సంతోషం ఏమని చెప్పను! అంతకుముందు తాడు కొయ్యడానికి ఆయన కత్తి తీస్తే మాత్రం గట్టిగా అరిచాను. ట్రాలీ వైపు ఉచ్చును జార్చి తీసి, బండి పట్టీకి ఉన్న ముడిని అలాగే ఉంచేశాను.

ఇంటికి రాగానే అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. మేమింకా ఏమీ చెప్పలేదు. బండి వెనక్కి వెళ్లి ముడి మీద చెయ్యి వేసింది.

"గిట్ల బిగిస్తే ఎవలు విప్పుతరయ్యా? ఎన్నిసార్లు చెప్పిన నీకు!"

అమ్మ నన్ను ఎప్పుడూ 'అయ్యా' అనదు, నాయిన్నే అలా అనేది. ఆ మాట అని తనే ఉలిక్కిపడి నావైపు చూసింది. నేనూ వెళ్లి ఆ ముడి మీద చెయ్యి వేశాను. చాలాసేపు తియ్యలేకపోయాను.

ఇప్పుడు పడవలు లాగడమే మా పని. గొలుసు ముందు తగిలిస్తాం, కొబ్బరికాయ తర్వాతే. ఆ తాడు ఎవరు కట్టారో ఈ రోజుకీ నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. పట్టీ తుప్పు పట్టింది, మార్చేద్దామంటాడు వెల్డింగ్ ఆయన. మార్చాలంటే ముడి కొయ్యాలి. నేను కొయ్యనివ్వను.