రెండో బంటు

చదరంగంలో మా నాన్న మొదటి ఎత్తుకే రెండు బంట్లు కదిపేవారు. రాజు ముందుది ఒక గడి, మంత్రి ముందుది ఒక గడి. టక్, టక్. కొరాపుట్‌లో మా కిరాణా కొట్టు వెనక గదిలో ఆడేవాళ్ళందరిదీ అదే పద్ధతి. "ఒక్కడ్నే అడివిలోకి అంపకూడదే అమ్మీ, తోడుండాల" అనేవారు.

ఆయన పోయాక అమ్మ ఆ చదరంగం బల్లని ఇంట్లో ఉంచనంది. తను వంటింట్లో ఉంటే ఆ బల్ల మీంచి టక్, టక్ అని రెండు చప్పుళ్ళు వినిపిస్తున్నాయట.

"ఆ బల్లున్నన్నాళ్ళూ మీ నాన్న ఎల్లడు. ఎవులికైనా ఇచ్చీ."

డిగ్రీ చదివినదాన్ని, వాదించకుండా ఉంటానా? చివరికి ఒప్పందం కుదిరింది. రాయగడ చదరంగం పోటీలో నేను మొదటి ఆట గెలిస్తే బల్ల ఉంటుంది, ఓడితే పోతుంది.

రైలు సొరంగంలో దూరినప్పుడల్లా, ఎదుటి సీటు ఖాళీ అని తెలిసి కూడా, అక్కడెవరి కాళ్ళకో తగులుతానేమోనని నా కాళ్ళు ముడుచుకు కూర్చున్నాను.

ఎదుటి ఆటగాడు ఒక ఒడియా బడిపంతులు. తెల్లవి నావి. టక్, టక్.

రిఫరీ వచ్చాడు. "ఒక్కటే కదపాలి మేడమ్. రెండోది వెనక్కి పెట్టండి."

"మా ఇంట్లో ఇలాగే ఆడతాం."

"ఇక్కడ పుస్తకంలో ఉన్నట్టే ఆడాలి."

"ఆ పుస్తకం రాసినవాడు మా నాన్నతో ఆడలేదు."

పంతులు నవ్వు ఆపుకున్నాడు. మంత్రి ముందు బంటు వెనక్కి వెళ్ళింది.

కాసేపు బాగానే ఆడాను. ఆపైన గుర్రాన్ని ధైర్యంగా నడిమధ్యకి దూకించాను. దాన్ని ఎవరు చంపినా వాణ్ణి నా మంత్రి ముందు బంటు చంపుతుంది కదా. ఇందులో మోసమేముందా అని పంతులు చాలాసేపు వెతికాడు. తర్వాత తన మంత్రితో గుర్రాన్ని కొట్టేశాడు. తిరిగి కొట్టడానికి చెయ్యి చాపాను. నా వేళ్ళు ఖాళీ గడి మీద ఆగిపోయాయి. బంటు వెనక్కి పెట్టిన చోటే ఉంది. అంతసేపూ నాకు మాత్రం అది ముందు గడిలోనే కనిపించింది.

అమ్మ గుమ్మంలోనే అడిగింది. "ఏటయిందే?"

"ఓడిపోయాను." ఎలాగో కూడా చెప్పాను.

నీళ్ళచెంబు అందించి, "నాకొక్కర్తికే అనుకున్నాను. నీక్కూడానా?" అంది.

మాటంటే మాటే. నారాయణపట్న నుంచి సరుక్కొచ్చే షావుకారికి మర్నాడే బల్ల ఇచ్చేసింది.

కొన్నాళ్ళకి, అమ్మ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆగింది. "రెండుసార్లు టక్కుమందేటి?"

"బల్లి," అన్నాను, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"బల్లి అయితే మరి నువ్వెందుకే సదవడం ఆపేసేవు?"

చదవకుండానే పేజీ తిప్పాను.