బుల్లబ్బాయి ఊదడు

మా బుల్లబ్బాయి జన్మలో మందు ముట్టలేదు. పెళ్ళిళ్ళలో సోడా ఇచ్చినా మూత తనే తీసుకుని తాగే మనిషి. ఈ సంగతి కొత్తరేవు పేటలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అలాంటివాణ్ణి మందు గొడవలోనే ఊరు వెలేసింది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అక్కడి బడిలో పంతుల్ని. పేట మనిషిని కాను కాబట్టి వాళ్ళ కట్టుబాట్లు నాకు వర్తించవు. అందుకే అన్నీ దగ్గరుండి చూశాను.

పేటకూ యానానికీ మధ్య ఒక్క వంతెనే అడ్డం. అక్కడ మందు చవక. చేపలమ్మడానికి వెళ్ళిన మగవాళ్ళు తూలుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. ఇంటికి చేరాక ఏం జరిగేదో ఆడవాళ్ళ వీపులను అడగాలి. సహించి సహించి, పోయిన వేసవిలో మహిళా సంఘం కట్టు పెట్టింది. సంఘానికి పెద్ద సంపూర్ణమ్మ. పేట మొదట్లో రేకుల షెడ్డు వేయించి, వంతులవారీగా ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. యానాం నుంచి వచ్చే ప్రతి మగవాడూ వాళ్ళ ముందు ఆగి ఊదాలి. వాసనొస్తే పంచాయతీ. ఊదనంటే వెలి. వెలి అంటే కట్టుకున్న పెళ్ళాంతో సహా ఎవరూ అతనితో పలకకూడదు. నిజం చెప్పొద్దూ, ఆ కట్టు వల్ల పేటలో అరుపులు తగ్గాయి. నేనూ మెచ్చుకున్నాను.

బుల్లబ్బాయి ఐసు పెట్టెలో చేపలు వేసుకుని మోపెడ్ మీద రోజూ యానాం మార్కెట్టుకు వెళ్ళొస్తాడు. మొదటి రోజు షెడ్డులో వంతు అతని భార్య లోవలక్ష్మిదే.

"ఊదయ్యా," అంది, నవ్వు ఆపుకుంటూ.

"నేను తాగనని నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే ఊదమంటన్నాను. నువ్వూదితే ఇంకెవడూ కిమ్మనడు."

"తెలిసి కూడా అడుగుతన్నావంటే, నన్ను దొంగల్లో కలిపేత్తన్నావన్నమాట."

పక్కనున్న సంపూర్ణమ్మ కల్పించుకుంది. "తప్పు చెయ్యనోడికి భయమేంటి బుల్లబ్బాయ్?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేది దొంగోడు ఒదినా. నేనెందుకు తడుముకోవాలి? నా నోరు నాది. అన్నానికి తెరుత్తాను, మాటకి తెరుత్తాను. వాసన చూపించడానికి తెరవను."

బండి తీసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వెలి పడింది.

ఇక చూడాలి తమాషా! లోవలక్ష్మి మాట మీద నిలబడే మనిషి. మొగుడికి అన్నం వడ్డించి, పెరట్లో కోడితో చెప్పేది: "ఏమే, పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కో." చేపల వేటకు అతనికి తోడొచ్చేవాళ్ళు వలతో మాట్లాడేవారు: "వలా, ఈ పూట పోటు తీసి పాటు ముందే వచ్చేలాగుంది, పెందలాడే లెగు." ఊరికి బుల్లబ్బాయి కావాలి, కట్టూ కావాలి. అందరూ నవ్వుకున్నారు. బుల్లబ్బాయి మాత్రం నవ్వలేదు.

"ఊరు పలక్కపోతే ఏంటండీ, గోదారి పలుకుద్ది," అన్నాడు నాతో ఓ రోజు. "లోవలక్ష్మి పలక్కపోతేనే ఉండబట్టలేకపోతన్నానండి, ఆయ్."

"పోనీ, ఒక్కసారి ఊదేయొచ్చుగా?"

"ఇయ్యాల నోరు చూపించమంటారు. రేపు ఫోను చూపించమంటారు. ఆ పైన ఎవరింటికెళ్ళావంటారు. ఎక్కడో ఒకచోట కాదనాలి కదండీ. నాకు ఇక్కడే కుదిరింది."



అంతలో పెదబాబు దిగాడు రంగంలోకి. పేటలో పేరుమోసిన తాగుబోతు. షెడ్డు దగ్గర బండైనా ఆపకుండా, "బుల్లబ్బాయి మామ ఊదట్లేదు, నేనెందుకూదాలి? నా నోరు నాది!" అని అరుచుకుంటూ పోయాడు. ఇంటికెళ్ళి భార్య సాయిదుర్గను కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే సంపూర్ణమ్మ సాయిదుర్గను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బుల్లబ్బాయి వాకిట్లో నిలబెట్టింది. వెలి కదా, ఒక్క మాట మాట్లాడలేదు. వాచి నల్లబడ్డ చెంపను చూపించి ఊరుకుంది. బుల్లబ్బాయి ముఖం పాలిపోయింది. చేతిలో గ్లాసు అరుగు మీద పెట్టి లేచాడు.

సరాసరి వెళ్ళి పెదబాబును చొక్కా పట్టుకుని షెడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు. అప్పటికే పేట సగం అక్కడ మూగింది.

"నా మాట వల్లించడానికి నువ్వెవడివిరా? నా నోరు నాదన్నాను. దుర్గ చెంప నీదని అన్నానా?" అని అతణ్ణి ఆడవాళ్ళ ముందు కూలేశాడు. "పంచాయతీ పెట్టండి."

సంపూర్ణమ్మ మనసు కరిగింది. షెడ్డు గుంజతో చెప్పింది: "ఈ మడిసిని ఒక్కసారి, పేరుకి ఊదమను. ఇప్పుడే వెలి ఎత్తేత్తాం."

అందరి చూపూ బుల్లబ్బాయి మీదే. ఊదేస్తాడనే అనుకున్నాను. పాపం, సాయిదుర్గ చెంప చూశాక అతనికి మాత్రం మొండితనం ఎక్కడ మిగులుతుంది?

"ఈడు నా మాట అడ్డం పెట్టుకుని ఆడకూతుర్ని కొట్టాడు. అది నాకు ఈ జన్మకి పోదు," అన్నాడు. "అయినా ఊదను ఒదినా."

తల వంచుకుని ఇంటిదారి పట్టాడు. పట్టుదలంటే నాకు గౌరవమే గానీ, ఆ క్షణాన అతన్ని వెనక్కి పిలుద్దామని రెండడుగులు వేశాను.

"బాబాయ్, ఆగు."

పిలిచింది సాయిదుర్గ. అందరూ ఉలిక్కిపడ్డారు.

"నువ్వు పలక్కూడదే," అంది సంపూర్ణమ్మ.

"నాలాంటిదాని కోసమే కదా పిన్నీ ఈ కట్టు పెట్టారు? అయితే నేను చెప్తన్నాను. చెయ్యెత్తినోడు ఊదాల. రోజూ ఊదాల. జన్మలో చెయ్యెత్తనోణ్ణి నిలబెట్టి ఊదమంటే, రేపు ఈడికీ ఆయనకీ తేడా ఏంటి? బాబాయితో మాట్టాడానని నన్నూ వెలేత్తారా? వెయ్యండి."

సంపూర్ణమ్మ సాయిదుర్గ చెంపకేసి చూసింది. "నిన్ను వెలేసే నోరు నాకు లేదమ్మా," అంది.

అప్పుడు షెడ్డులో వంతుకు కూర్చున్న లోవలక్ష్మి బల్ల మీంచి లేచింది. కోడీ లేదు, గుంజా లేదు. నేరుగా మొగుణ్ణే చూస్తూ, పేటంతా వినేలా పిలిచింది.

"ఏమయ్యో! పొద్దుటేల నించీ ఏం తిన్నట్టు లేవు. పద, చద్దన్నం పెడతాను."

బుల్లబ్బాయి నడిదారిలో ఆగిపోయి, అందరి ముందూ భోరున ఏడ్చేశాడు.