పడుకోబెట్టిన పనలు

పక్కింటాయన లాన్ కోస్తున్నాడు. కోసిన గడ్డి వాసన కిటికీలోంచి వచ్చిందంటే నాకు మిస్ హలీనా గుర్తొస్తారు. ఆవిడ కంటే ఒక అడుగు ముందే నా పాత కుళ్లు గుర్తొస్తుంది. అమెరికాలో మేముండే క్యారీ ఊరి లైబ్రరీలో శనివారాలు మాకు బొమ్మలు నేర్పిన ఉక్రెయిన్ పెద్దావిడ ఆమె. పంతొమ్మిదో శతాబ్దంలో వాళ్ల చిత్రకారులు వేసిన కోతల దృశ్యాల ప్రింట్లు గోడకు అంటించేవారు. పైన ఇంత ఆకాశం, కింద పండిన గోధుమ చేను, తెల్లచొక్కాల్లో వంగిన ఆడవాళ్లు. మేం ఆకాశం చూసి మురిసిపోతుంటే, "ముందు నడుములు చూడండి. ఆకాశం ఎక్కడికీ పోదు," అనేవారు.

కాలేజీ నుంచీ ప్రైజులు కొట్టినదాన్ని, ఆవిడ ప్రియశిష్యురాలిని నేనేననుకునేదాన్ని. మా చర్చిలో పరిచయమైన రత్నం ఆంటీని ఆ క్లాసుకు తీసుకెళ్లిందీ నేనే. గోదావరి పక్క నుంచి కూతురింటికి వచ్చి ఉంటున్నారు, ఇంట్లో తోచడం లేదన్నారు. ఇంగ్లీష్ రాదు కాబట్టి మధ్యలో దుబాసీని నేను. చివర్లో ఒక కోత దృశ్యాన్ని చూసి వేయమన్నారు హలీనా. బాగున్న ఒక్క బొమ్మను లైబ్రరీ హాల్లో పెడతారు. ఆ గోడ నాకు కావాలి. నాది అచ్చు ప్రింటులాగే వచ్చింది. ఆంటీ మాత్రం, ప్రింటులో వెన్నులు పైకి నిలబెట్టిన గోధుమ కట్టల్ని మన వరి పనల్లా నేలమీద వరసగా పడుకోబెట్టేశారు. నాకు లోపల ఎంత సంతోషమో!

హలీనా ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. వంగిన మనిషి ఎడమచేతిని చూపించి, "ఇది వేసినామె తన చేత్తో కోత కోసింది. ఏదీ మార్చొద్దని చెప్పు. గోడ మీదకి ఇదే," అన్నారు నాతో.

"మేడంగారు ఏమంటున్నారమ్మా?" అన్నారు ఆంటీ ఆశగా.

"కట్టలు తప్పంట ఆంటీ. నిలబెట్టాలంట."

"అయ్యో, మనకి పనలేసుకోడమే తెలుసు కదమ్మా. మార్చేత్తాలే."

మరుసటి వారానికి అన్నీ నిలబెట్టేశారు. వాటి వెనక ఆ వంగిన మనిషి సగం కనపడకుండా పోయింది. "ఎందుకు మార్చింది?" అని అడిగారు హలీనా. ఆవిడకే అలా తోచిందట అన్నాను. హలీనా నా మొహంలోకి చూసి, "అయితే నీదే పెడదాం," అన్నారు.

హాల్లో నా బొమ్మ ముందు నిలబడి అందరికంటే ఎక్కువ మురిసిపోయింది ఆంటీయే. "అచ్చుగుద్దినట్టు ఏశావమ్మా! ఈ ఎడంచెయ్యే, కాడలు బిగించి పట్టుకోలేదు. అలా వదులుగా పట్టుకుంటే కొడవలి ఏళ్లకి తగులుద్ది." అప్పుడూ సిగ్గేయలేదు నాకు. ఒళ్లు మండింది.

హలీనా పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ మనిషిని గీస్తే ముందు నడుము గీస్తాను, తర్వాత ఎడమచెయ్యి. ఆదివారం చర్చిలో ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "బొమ్మలేత్తన్నావా అమ్మా?" అని అడుగుతారు. వేస్తున్నానంటాను. ఏదీ మార్చొద్దని చెప్పు, అన్నారు హలీనా. ఆ మాట ఆంటీది. ఇంకా నా దగ్గరే ఉంది.