సిస్టర్ ఓలీటా కళ్ళు మూసుకుంటే

సిస్టర్ ఓలీటా స్టాంపర్ కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. కళ్ళు మూసుకుందంటే మాత్రం మా కౌంటీలో పరువు గల ప్రతివాడికీ చెమటలు పట్టేవి. ఆవిడ చెప్పదలుచుకున్నదంతా ప్రార్థనలోనే చెప్పేది. అదీ మనతో కాదు, ప్రభువుతో. పక్కనుండి మనం వింటే ఆ తప్పు మనదే.

ప్రతి బుధవారం సాయంత్రం మా బాప్టిస్టు సంఘం నేలమాళిగలో భోజనాలు. బీన్సు, వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె బల్లల మీద పొగలు కక్కుతుండేవి. పాస్టర్ గార్లండ్ ఓ నిమిషం ప్రార్థించి, "ఇంకెవరైనా..." అనేలోపు సిస్టర్ ఓలీటా కళ్ళు మూతపడేవి. మళ్ళీ తెరిచేసరికి గ్రేవీ తొరక కట్టేది. ముప్పై ఏళ్ళలో నేనక్కడ వేడి గ్రేవీ తిన్నది రెండేసార్లు. రెండుసార్లూ ఆవిడకి గొంతు నొప్పి.

ఎన్నికలొస్తే ఆ ప్రార్థనకి ఎక్కడలేని గిరాకీ. పాస్టరు వేదిక మీంచి ఫలానావాడికి ఓటెయ్యమనకూడదు, చట్టం ఒప్పుకోదు. ప్రభువుతో మొరపెట్టుకోవడానికి ఏ చట్టం అడ్డు?

"ప్రభువా, బ్రదర్ డెంటన్ కమిషనరుగా నిలబడ్డాడు. మంచివాడే. కౌంటీలో మద్యం దుకాణాలు పెడితే తప్పేమిటని మంగలి షాపులో అన్నాడట. నేను నమ్మలేదు తండ్రీ. నువ్వే కనుక్కో."

ప్రభువు కనుక్కున్నాడో లేదో గాని, తెల్లారేసరికి కౌంటీ అంతా కనుక్కుంది. ఆ ఏడు డెంటన్‌కి వాళ్ళావిడ కూడా ఓటెయ్యలేదని చెప్పుకున్నారు.

అందుకని అభ్యర్థులు బూట్లు మెరిపించుకుని వచ్చి ఆవిడ పక్క కుర్చీ కోసం తోసుకునేవాళ్ళు.

"సిస్టర్, నా గురించి కాస్త మంచి మాట..."

"నేనెవర్ని నాయనా, ఏమంటాను? రొట్టె తీసుకో."

కౌంటీ గ్రంథాలయం నా చేతిలో ఉండేది. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. నాకు పుస్తకాలు తప్ప మనుషులతో పెద్దగా మాటలు రావు. పైగా మా సంఘంలో అవతలి పార్టీకి ఓటేసేవాళ్ళం ఇద్దరమే. రెండో ఆయన పోయి పదేళ్ళయింది. కాబట్టి సిస్టర్ ఓలీటా ప్రార్థనలో నాకు శాశ్వతంగా చోటుండేది.

"ప్రభువా, మా నెల్డా బల్ల మీద కొత్తగా ఓ నవల పెట్టింది. అట్ట మీది మనిషికి చొక్కా లేదు. నూట పన్నెండో పేజీకొచ్చేసరికి మిగతావీ లేవు."

నూట పన్నెండో పేజీ దాకా నువ్వెలా వెళ్ళావని ప్రభువు అడగలేదు. మర్నాడు ఆ నవల కోసం పదిహేడుమంది పేర్లు రాయించుకున్నారు. అందులో ఏడుగురు సంఘ పెద్దలైన డీకన్ల భార్యలే.

ఈ మాటల్నే పట్టుకున్నాడు హోబర్ట్ లెడ్‌ఫర్డ్. కౌంటీని నడిపే కమిషనుకి అధ్యక్షుడు. సిస్టర్ ఓలీటా ప్రార్థనల చలవతోనే మూడుసార్లు గెలిచినవాడు. నాలుగోసారి నిలబడేముందు, పిల్లల్ని చెడగొడుతున్న గ్రంథాలయాన్ని మూసేయాలని తీర్మానం తెచ్చాడు. "సిస్టర్ ఓలీటా అంతటావిడే కన్నీళ్ళతో ప్రార్థించింది" అని పేపర్లో కూడా వేయించాడు. పైగా ఆ తీర్మానం చర్చకొచ్చే సమావేశంలో ఆరంభ ప్రార్థన ఆవిడే చెయ్యాలని ఇంటికెళ్ళి పిలిచొచ్చాడు.

సమావేశంలో మాట్లాడేవాళ్ళకి మనిషికి మూడు నిమిషాలు. నేను రెండు పేజీలు రాసుకున్నాను. తలుపులేసి, పుస్తకాల అల్మారాల ముందు వారం రోజులు వల్లించాను. అల్మారాలకి బాగానే వినిపించింది. కమిషను కూర్చునే కోర్టు హాల్లో అంతమందిని చూడగానే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయింది. ఇరవై ఆరేళ్ళ నా కొలువు ఆ సాయంత్రంతో సరి అనుకున్నాను.

"అందరూ తలలు వంచండి. సిస్టర్, మొదలుపెట్టండి" అన్నాడు హోబర్ట్ సంబరంగా.

టోపీలు తీశారు, తలలు వంచారు. ఆవిడ కళ్ళు మూసింది.

"ప్రభువా, నెల్డా పుస్తకాల సంగతి నీతో చెప్పుకున్నాను. అది మనిద్దరి మధ్య మాట. చాటుగా విని పేపరుకెక్కించినవాడు ఈ గదిలోనే ఉన్నాడు. పేరు చెప్పను. ఎర్ర టై."

హోబర్ట్ చెయ్యి టై మీదికి పోయింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను, దేవుడు క్షమించుగాక.

"పొగాకు గిడ్డంగి మూతపడ్డ ఏడు నీ బిడ్డలు ఉద్యోగాలకి దరఖాస్తులు నింపుకున్నది ఆ నాలుగు కంప్యూటర్ల దగ్గరే తండ్రీ. మంచు తుఫానుకి కరెంటు పోతే ముప్పైమంది పడుకున్నది ఆ పుస్తకాల మధ్యే. ఎర్ర టై కట్టుకున్నవాడి ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే, ఆదివారమని కూడా చూడకుండా తలుపు తీసి పశువైద్యం పుస్తకం ఇచ్చింది ఈ నెల్డాయే. ఆవు బతికింది. దూడా బతికింది. కౌంటీ సంతలో బహుమతి కూడా కొట్టేసింది ప్రభువా, నువ్వు చూశావు."

గడియారం ముందు కూర్చున్న గుమాస్తా హోబర్ట్ వైపు చూశాడు. హోబర్ట్ పైకప్పు వైపు చూశాడు. మనిషినైతే మూడు నిమిషాలకి ఆపొచ్చు. ప్రార్థనని ఆపినవాడు మా కౌంటీలో మళ్ళీ ఓటడగడానికి ఏ గుమ్మం తొక్కుతాడు?

వింటూ నా చేతిలోని కాగితాలు చూసుకున్నాను. గిడ్డంగి, తుఫాను, ఆవు... అవి నా రెండు పేజీలు! నేను రాసుకున్న వరసలోనే వస్తున్నాయి. దూడ బహుమతి ఒక్కటే ఆవిడ సొంతం.

ముప్పై నాలుగు నిమిషాలయ్యాయి. వంచిన మెడలు పట్టేశాయి. అప్పుడు ఆవిడ గొంతు పెంచింది:

"కాబట్టి తండ్రీ, ఆ గ్రంథాలయం తలుపులు తెరిచే ఉండుగాక, యేసు నామమున..."

"ఆమెన్!" అంది హాలంతా. ఐదుగురు కమిషనర్లూ అన్నారు. పుట్టినప్పట్నుంచీ అలవాటైన నోళ్ళు, ఎలా ఆగుతాయి? అందరికన్నా గట్టిగా అన్నది హోబర్టే.

గుమాస్తా పెన్ను పట్టుకుని అడిగాడు. "అయ్యా, దీన్ని ఓటు కింద రాసుకోమంటారా?"

హోబర్ట్ టై సర్దుకున్నాడు. హాల్లో ఉన్న నూటపాతిక ఓట్లనూ ఒకసారి చూశాడు. "దేవుడి దగ్గర ఒకటీ, మన పుస్తకంలో ఇంకొకటీ ఉంటే ఏం బాగుంటుందయ్యా? రాసెయ్" అన్నాడు.

బయట ఆవిడ పాత ఫోర్డు దగ్గర పట్టుకున్నాను. "మీ మేలు ఎలా..."

"నేనేమన్నాను నెల్డా? నీతో ఒక్క మాటైనా అన్నానా?"

"నా రెండు పేజీలు మీకెలా తెలిశాయి?"

కారు తాళం కోసం సంచిలో చాలాసేపు వెతికింది. "వెనక అల్మారా దగ్గర కుర్చీ బాగుంటుంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు" అంది. ఆ అల్మారాలో చొక్కా లేనివాళ్ళ నవలలు ఉంటాయి.

ఆ బుధవారం గ్రేవీ మామూలుకన్నా గట్టిగా తొరక కట్టింది.

"ప్రభువా, మా నెల్డా ఈసారి కూడా ఆ పార్టీకే ఓటేస్తుంది. దాని మనసు మార్చు. మారకపోతే పోనియ్, మనిషిని మాత్రం మా మధ్యే ఉంచు. ఇంకో సంగతి తండ్రీ. ఆ నూట పన్నెండో పేజీ నవలకి రెండో భాగం వచ్చిందట. జనం చేతుల్లో పడకముందే ఎవరో ఒకరు దాన్ని పరీక్షించాలి."

"ఆమెన్" అన్నాను, అందరికన్నా గట్టిగా. పుస్తకం అప్పటికే నా చేతిసంచిలో ఉంది, ఆవిడ కోసం, అట్ట కనిపించకుండా కాగితం చుట్టి.