వాగువైపు కిటికీల్లేని ఊరు

మొన్న మస్కట్ నుంచి వచ్చిన మేనకోడలు ఎండునిమ్మకాయల పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. విప్పగానే ఆ పులిసిన వాసన ముక్కుకు తగిలి, అరవైకి దగ్గరపడ్డ నేను ఎనిమిదేళ్ల పిల్లనైపోయి, ఒమాన్‌లో బహ్లా పట్నానికి ఆవల కొండల కింద ఉన్న ఆ చిన్న ఊళ్లో నిలబడ్డాను. సంతోషం కన్నా ముందు భయం వేసింది.

నాన్న పోయిన మరుసటి ఏడాది, డెబ్బైల నడుమ, అమ్మ అమలాపురం ఆసుపత్రి మానేసి నన్ను వెంటబెట్టుకుని అక్కడికి నర్సుగా వెళ్లింది. ఊరంటే నలభై మట్టి ఇళ్లు, వేసవి వస్తే తేనెవాసన వేసే ఖర్జూరపు తోటలు, కొండ మీదనుంచి దిగే ఫలజ్ అనే సన్నని కాలవ. ఆ కాలవలో ముందు తాగే నీళ్లు, దిగువన స్నానాలు, ఇంకా దిగువన బట్టలు, మిగిలింది తోటలకు. ఆ వరస తప్పినవాళ్లమీద ఊరంతా విరుచుకుపడేది. ఈద్ పండక్కి ఊరివాళ్లు మసాలా పట్టించిన మాంసం నిప్పుల గోతిలో పాతిపెట్టి మర్నాడు తీసి మాకూ పంపేవాళ్లు, క్రిస్మస్‌కి మేం అరిసెలు పంచేవాళ్లం. ఊరి పక్కనే వెడల్పాటి వాగు, ఎప్పుడు చూసినా ఎండిపోయి, తెల్లటి గుండ్రాళ్లతో. ఏ ఇంటికీ అటువైపు కిటికీ మాత్రం లేదు.

ఎందుకు లేదో పక్కింటి సలీమా మామ్మ, అప్పటికి నాకు పట్టుబడ్డ అరబ్బీలో చెప్పింది. పూర్వం ఊరు కింద, వాగు ఒడ్డునే ఉండేదట. ఒక మధ్యాహ్నం ఊళ్లో చుక్క వాన లేకుండానే, ఎక్కడో కొండల్లో కురిసిన నీళ్లొచ్చి సగం ఇళ్లనూ, ఆవిడ అక్కనూ పట్టుకుపోయాయట. మిగిలినవాళ్లు మిట్టెక్కి, వాగుకు వీపు పెట్టి ఇళ్లు కట్టుకున్నారు. అది విన్నప్పటినుంచి ఆ రాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు జలదరించేది. అమ్మ మాత్రం నవ్వేసేది.

"ఆకాశంలో మబ్బు తునకైనా లేదు, వరదెక్కణ్ణుంచొస్తాదే? మన గోదారి నాలుగ్రోజుల ముందే చెప్పి వస్తాది."

ఖర్జూరాలు దించే రోజుల్లో ఒక శుక్రవారం, అమ్మ తన డ్యూటీ తెల్లచీరలు ఉతికి, గోదారొడ్డున చేసినట్టే వాగు నడుమ రాళ్లమీద ఆరేసింది. అవి ఆరాక తీయడానికి దిగింది. నేను దిగనంటే దిగనని గట్టుమీదే నిలబడ్డాను. ఎగువ మలుపులో బరువైన లారీ వస్తున్నట్టు చప్పుడైంది. చూద్దును కదా, విరిగిన కొమ్మల్ని తోసుకుంటూ బురదనీళ్లు! అమ్మ అటు వీపు పెట్టి, వంగి చీర మడతపెడుతోంది. అరుద్దామని నోరు తెరిచాను. కేక రాలేదు. నాన్న లేడు, ఇక అమ్మ కూడా ఉండదు అన్న ఒక్క ఆలోచనే తలంతా నిండిపోయింది.

"అమ్మా!"

ఆ కేక నా వెనకనుంచి వచ్చింది. మిద్దెమీద ఖర్జూరాలు ఆరబోస్తున్న సలీమా మామ్మది. రోజూ నా నోట విని నేర్చుకున్న ఆ ఒక్క మాటే ఆవిడకు వచ్చిన తెలుగు. అమ్మ తలెత్తి నన్ను చూసింది, నీళ్లను చూసింది, చీరలు వదిలేసి పరుగెత్తింది. ఆమె గట్టెక్కేసరికి రాళ్లూ లేవు, చీరలూ లేవు.

అమ్మ నన్ను గట్టిగా కావలించుకుంది. "నువ్వు అరవకపోతే ఏమైపోదునే, నా తల్లీ!" అంది. నేను కాదనలేదు. మామ్మ మిద్దెమీదే కూలబడి ఏడుస్తోంది. వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకోవలసినదాన్ని. అదీ చేయలేదు.

ఇప్పుడా ఊళ్లో ఎవరూ లేరట. మనుషులంతా మస్కట్ దగ్గరి సీబ్ వైపు వెళ్లి కొత్త ఇళ్లు కట్టుకున్నారట, మట్టిగోడలు కూలిపోయాయట. మామ్మ ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. తిరిగొచ్చాక అమ్మ నలభై ఏళ్లపాటు చర్చిలో అదే సాక్ష్యం చెప్పింది, నా బిడ్డ కేకతో దేవుడు నన్ను బతికించాడని. నిరుడు ఆమె సమాధి దగ్గర పాస్టరుగారు ఆ సాక్ష్యమే మళ్లీ చెప్పారు. అందరూ నావైపు తిరిగి చూశారు. నేను తలూపాను.