ఎస్తేరమ్మ కాలు, ఇంటింటి టీ

ఎస్తేరమ్మ ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, ప్రార్థన చేసే బైబిలు స్త్రీ. షుగరు ముదిరి, పంతొమ్మిది వందల తొంభై ఆరు ఎండాకాలంలో ఆమె కాలి బొటనవేలు నల్లబడింది. కట్టు విప్పితే కుళ్లు వాసన. తన కాలు చూసుకుంటే తనకే ఓకరింత వచ్చేది. ఆత్మకూరు ఆసుపత్రిలో నర్సు కృపారాణి మాత్రం ముక్కు మూసుకోకుండా చీము తుడిచేది.

"వేలు ఎట్టాగూ పోతాది అవ్వా. చక్కెర మానకపోతే పాదం గూడా తీసేస్తారు," అంది ఒకనాడు.

ఆ వారమే ఆత్మకూరులో షుగరు శిబిరం పెట్టారు. బయటినుంచి వచ్చిన డాక్టరు ఓట్సు, యాపిల్ పండ్లు బొమ్మల్లో చూపించాడు. "రాగి సంగటి ఎంత తినాల సార్?" అని ఒకామె అడిగింది. "ముందు ఆ ముద్దలు మానెయ్యండి," అని మొహం చిట్లించాడు.

"ఎవరింట్లోనైనా టీ ఇస్తే?" అని ఎస్తేరమ్మ అడిగింది.

"వద్దనడానికి నోరు లేదా?"

జనం తినే కంచాన్ని అంతగా ఈసడించే చదువు మీద ఆమెకు రోత పుట్టింది.

వద్దనడం ఆమె తిరిగే ఇళ్లలో చిన్న మాట కాదు. పెద్ద కులాలవాళ్లు ఆ ఇళ్ల గ్లాసు ముట్టరు. ప్రార్థనకు వచ్చిన మనిషి కూడా టీ తాగకుండా లేస్తే, అంటరానివాళ్లుగా చూసినట్టే. గ్లాసు అడుగున చక్కెర ఎంత పేరుకుంటే అంత ప్రేమ. ప్రార్థన చేసి తాగింది ఒంటికి చెరుపు చేయదని అందరి నమ్మకం. ఎస్తేరమ్మా అట్లాగే కళ్లు మూసుకుని ఇన్నేళ్లూ తాగింది.

మర్నాడు లిదియమ్మ ఇంట్లో ప్రార్థన ముగిసింది. కట్టు మీద ఈగలు ముసిరితే లిదియమ్మ చేటతో తోలి, టీ అందించింది. ఎస్తేరమ్మ గ్లాసు అందుకోలేదు.

"నాకొద్దు లిదియమ్మా."

"ఏంది వొద్దనేది? ఊరోళ్లు తాగరు, సరే. నువ్వు గూడానా?"

"ఈ కాలు పోతే నీ ఇంటికి ఎట్ట వచ్చేది? మజ్జిగ ఉండాదా?"

"నీళ్ల మజ్జిగ. అది నీకిస్తే నాకు సిగ్గుబోదా?"

"ఉప్పేసి తే. నువ్వు తాగే గ్లాసులోనే తే."

లిదియమ్మ టీ విసురుగా పారబోసి, మొహం ముడుచుకునే మజ్జిగ తెచ్చింది. ఎస్తేరమ్మ గ్లాసుకు పెదవులు ఆనించి, ఆమె చూస్తుండగానే ఆఖరుదాకా తాగి, మళ్లీ పొయ్యమంది. అప్పుడు లిదియమ్మ పక్కన కూలబడింది.

"నాకూ అరికాళ్లు మంటలమ్మా," అంది మెల్లగా.

"రేపు నాతో ఆత్మకూరు రా. కృపారాణి చూస్తాది."

ఎస్తేరమ్మ కుంటుకుంటూ పక్కింటికి కదిలింది. అక్కడ టీ మరుగుతున్న వాసన. లిదియమ్మ గోడ మీదుగా కేకేసింది.

"జెస్సీ, చక్కెర ఎయ్యబాకు. అమ్మకు మజ్జిగ తియ్యి."